నీళ్ళు పడిన బావి

మొన్న మస్కట్‌లో మా దార్సైట్ పేట ఫ్లాట్‌లో సామాన్లు కట్టుకుంటూ ఉండగా, ఆఫీసులో ఇప్పుడు నా కుర్చీలో కూర్చుంటున్న ఒమానీ అమ్మాయి ఫోన్ చేసి, ఒకప్పుడు నేను ఎడారిలో చోటు చూపించి తవ్వించిన బావిలో ఉప్పునీళ్ళు బాగా ఉన్నాయి కదా అని ఆశగా అడిగింది. ఫ్యాక్టరీల పొగలోంచి వేరుచేసిన బొగ్గుపులుసు వాయువును భూమి లోపల ఉప్పునీటి పొరల్లో దాచడానికి అలాంటి చోట్లే వెతుకుతున్నారట. కావలసినన్ని ఉన్నాయమ్మా అన్నాను. చాలా మంచి బావి సార్ అంది. ఆఫీసువాళ్ళు ఆ బావిని మంచిదనగా వినడం నాకదే మొదలు.

మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో గల్ఫ్‌లో చమురు ఉద్యోగమంటే గొట్టం దగ్గర నిలబడి పీపాలు నింపడమనుకునేవారు. నేను చమురు ముట్టుకున్నదే తక్కువ. ఎప్పుడో సముద్రం కింద ఉన్న నేల ఎలా పొరలు పొరలుగా పేరుకుందో, ఏ పొరలో చమురు చేరి ఉంటుందో రాళ్ళను చూసి ఊహించి, ఇక్కడ తవ్వండి అని చెప్పడమే నా పని. అంతకుముందు నేను చూపించిన చోటు వట్టిపోయింది. ఇదీ తప్పితే ఇంటికి పంపేస్తామని పై అధికారి ముఖం మీదే చెప్పాడు. మా ఆవిడేమో ఫ్యామిలీ వీసా మీద అప్పుడే వచ్చింది, వంటింట్లో డబ్బాలైనా సర్దుకోలేదు.

తీరా తవ్వితే చమురు ఉండాల్సిన పొరలో ఉప్పునీళ్ళు. క్యాంపు నుంచి ఇంటికి ఫోన్ చేసి, నీళ్ళు పడ్డాయి అన్నానో లేదో లైను తెగిపోయింది. ఆ మాట ఎవరితో అన్నానో అప్పుడు తట్టలేదు. మా ఇద్దరిదీ అనంతపురం వైపు, అందులో ఆవిడ పుట్టినిల్లు బోరు మీద బోరు వేయించి దుమ్ము తప్ప ఏమీ చూడని ఇల్లు. నేను దిగాలుగా మస్కట్ చేరేసరికి మా అంతస్తులో అందరికీ ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి పంచేసింది. ఎదురింటి మలయాళీ ఆయన మెట్ల మీదే చెయ్యి పట్టుకుని అభినందిస్తే ఏం చెయ్యను, నవ్వాను. లోపలికెళ్ళి సంగతి చెప్పాక ఆవిడ, "నీళ్ళు పడితే ఏడ్చే ఉద్యోగం యాడన్నా ఉంటాదా?" అంది. ఒళ్ళు మండి ఆ పూట అన్నం మానేశాను. ఓళిగలు మాత్రం తిన్నాను.

అధికారి మనసు మార్చుకున్నాడో, మరిచేపోయాడో, నన్ను ఇంటికైతే పంపలేదు. కాకపోతే ఆ తర్వాత ఇంకెప్పుడూ చోటు చూపించమని అడగలేదు. ఇతరులు గీసిన పటాలు సరిచూస్తూనే ఉద్యోగం గడిచిపోయింది. జీతం వేళకొచ్చింది, పిల్లలు చదువుకున్నారు, పెద్దగా చెప్పుకోవలసిన బాధేమీ లేదనే అనుకుంటూ వచ్చాను.

ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసే ముందు, ఇలాంటి నీళ్ళు ఇంకెక్కడ పడతాయంటారు, మీరు చెప్పండి సార్ అని అడిగింది. చెప్పాను. ఏ వాడీ, అంటే ఎండిన వాగు, దాటాలో, ఏ గుట్ట వెనక చూడాలో పటం అక్కర్లేకుండా చెబుతూ పోయాను. మేం నేలలోంచి తీసుకోవడానికి తిరిగాం, వీళ్ళు నేలలో దాచుకోవడానికి తిరుగుతున్నారు. మీరే ఒకసారి వచ్చి చూపిస్తారా సార్ అని కూడా అడిగింది పాపం. నీళ్ళు కావలసిన రోజొచ్చేసరికి నా వీసా అయిపోయింది.