లోపలికి పీల్చిన అవును

ఉత్తరాన మంచు అడవుల మధ్య ఉన్న ఓమ్‌త్రెస్క్‌లో ఎవరూ నోరు తెరిచి అవునని చెప్పరు. ఆ మాట రాక కాదు. వెనకటికి ఒక పెద్దాయన నడి చలికాలంలో నోరు బార్లా తెరిచి అవునన్నాడట. నోరు అలాగే గడ్డకట్టుకుపోయి, మంచు కరిగేదాకా ఎవరేమడిగినా సరేనన్నట్టే కనబడ్డాడట. వసంతం వచ్చేసరికి ఆయనకి ముగ్గురు భార్యలు, తనది కాని అడవి మీద నాలుగు తగాదాలు తేలాయి. అప్పటినుంచి ఊరు జాగ్రత్తపడింది. ఇప్పుడు ఏమడిగినా పెదవులు కాస్త ముందుకు చాచి, సాసర్లో వేడి కాఫీ జుర్రినట్టు, గాలిని ఒక్క లాగు లోపలికి లాగుతారు. ష్షుప్. అంతే, అవునని అర్థం. ఆ దేశపు దక్షిణాది నుంచి కొత్తగా వచ్చిన పాస్టరు ఒకాయన, పెళ్ళిలో ప్రమాణం అడిగినప్పుడు పెళ్ళికూతురు ష్షుప్‌మంటే, ఉబ్బసమనుకుని పెళ్ళి ఆపి కిటికీలన్నీ తెరిపించాడు.

తోర్డ్ సెలీన్ ఈ ఊరివాడే. రంపపు మిల్లు వెనక పుట్టి, మిల్లు ఫుట్‌బాల్ మైదానంలో కుడివైపు గీత పట్టుకుని పరుగెత్తుతూ పెరిగాడు. అతని వేగం గురించి చెబితే నమ్మరు గాని, ఒకసారి తను కొట్టిన కార్నర్‌కి తనే పరుగెత్తుకెళ్ళి తల పెట్టాడు. రిఫరీ ఇద్దరు తోర్డ్‌లు ఉన్నారని అనుమానపడి ఒకణ్ణి బయటికి పంపబోయాడు. ఊరు మాత్రం పొగడలేదు. అక్కడ ఎవరినైనా మొహం మీద పొగడటమంటే వాళ్ళింట్లోకి బూట్లతో నడిచినట్టే. "వాడికి కాళ్ళు కదులుతాయి" అన్నారు. అంతకు మించిన బిరుదు ఆ ఊళ్ళో ఇంకెవరికీ దక్కలేదు.

ఇరవయ్యేళ్ళకి బెల్జియం నుంచి పిలుపొచ్చింది. సరిగ్గా ఆ వారమే పక్క ఊరు హెడ్సెలెతో ఆట. పెద్దల జట్టులో, పసుపు చొక్కాలో, అది అతనికి మొదటి ఆట కావలసింది. బెల్జియంవాళ్ళు శనివారం ఆట అయ్యాకే రమ్మన్నారు. తోర్డ్ ఆగలేక శుక్రవారమే రైలెక్కాడు. కిటికీలోంచి మిల్లు పొగగొట్టం కనుమరుగయ్యేదాకా చూసి, 'మైదానం ఎక్కడికి పోతుంది, వచ్చి ఆడతాలే' అనుకున్నాడు. ఆ తరవాత ఎన్ని దేశాల్లో ఎన్ని రంగుల చొక్కాలు తొడిగినా, లోపల ఆ తొడగని చొక్కానే గుచ్చుకుంటూ ఉండేది.

పరాయి దేశంలో అతని కాళ్ళకి ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బందంతా ఊపిరితోనే. బెల్జియంలో మేనేజరు బోర్డు మీద గీతలు గీసి "అర్థమైందా?" అని అడిగాడు. తోర్డ్ ష్షుప్‌మన్నాడు. తన పథకాన్ని చూసి వెక్కిరించాడనుకుని మేనేజరు అతన్ని శీతాకాలమంతా బెంచీ మీద కూర్చోబెట్టాడు. గ్రీసులో క్లబ్బు అధ్యక్షుడు తన ఇంటికి భోజనానికి పిలిచి, "మా ఆవిడ వంట నచ్చిందా?" అన్నాడు. ష్షుప్. ఆవిడ ఏడుస్తూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. తోర్డ్ వారం తిరక్కుండా టర్కీలో తేలాడు. టర్కీలో "ఇంకో ఏడాది ఉంటావా?" అన్నారు. అక్కడ కాదనడానికి నాలుకతో టక్కున ఒక చప్పుడు చేస్తారు. తోర్డ్ మనసారా ఉంటానని ఊపిరి పీల్చాడు. వాళ్ళు మర్యాదగా అతని పెట్టె కారులో పెట్టించారు.

పోర్చుగల్‌లో అసలు నష్టం జరిగింది. ఎడమ మోకాలు వాచిపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు పద్ధతి గల మనిషి, ముందు కుడి మోకాలు పట్టుకుని చూశాడు.

"ఇది బాగానే ఉందా?"

ష్షుప్.

"ఇక్కడ నొక్కితే? ఫరవాలేదా?"

ష్షుప్, ష్షుప్.

డాక్టరు నర్సు వైపు తిరిగి, "ఎంత ఓర్చుకుంటున్నాడో చూడమ్మా, పాపం. కళ్ళలో చుక్క నీళ్ళు కూడా లేవు," అన్నాడు. మర్నాడు పొద్దున్నే ఆ బంగారం లాంటి మోకాలిని కోసి బాగుచేశారు. తోర్డ్ కళ్ళు తెరిచేసరికి వాచిన మోకాలు వాచినట్టే ఉంది, వాయనిది కట్టుతో ఉంది. కార్నర్ కొట్టి దాని వెంట పరుగెత్తిన ఆ వేగం ఆపరేషన్ బల్ల మీదే ఉండిపోయింది. ఆ తరవాత మెక్సికోలో ఆడినదాన్ని ఆట అనడం మర్యాదకి మాత్రమే.

మెక్సికోలో అతను రెండు నేర్చుకున్నాడు. ఒకటి, అవునని గట్టిగా చెప్పడం. రోజూ అద్దం ముందు నిలబడి, కాన్వెంటు పిల్లలు సిస్టరు ముందు జపం వల్లించినట్టు, "సీ! సీ! సీ!" అని అక్కడి భాషలో గొంతెత్తి సాధన చేసేవాడు. రెండోది అంతకన్నా చేదు. ఏ దేశంలోనైనా, ఏ భాషలోనైనా, మేనేజరు అన్నవాడు మనిషిని తీసేసే ముందు ఒక్కసారి ఊపిరి లోపలికి పీలుస్తాడు. ఆ తరవాతే "చూడు తోర్డ్..." అని మొదలుపెడతాడు. ఎన్నోసార్లు విని విని అతనికి "చూడు" దాకా ఆగే అవసరం పోయింది. ఊపిరి వినగానే లేచి పెట్టె సర్దుకునేవాడు.

ముప్ఫై ఆరేళ్ళ వయసులో, పెళ్ళీ పిల్లలూ లేకుండా, ఆ పెట్టెతోనే ఊరికొచ్చాడు. మునిసిపాలిటీ మంచు తీసే బండి నడిపే పని ఇచ్చింది. అతను ఎక్కడెక్కడ ఆడాడో ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు. కొట్లో కలిసినప్పుడు, "అక్కడ వానలెలా ఉంటాయి?" అన్నారు. తోర్డ్ జవాబులు మాత్రం ఊరికి ఇబ్బందిగా ఉండేవి. సంచీ కావాలా అని కొట్టులో అమ్మాయి అడిగితే "అవును!" అని దద్దరిల్లేలా అనేవాడు, ఆ పిల్ల చేతిలో చిల్లర జారిపడేది.

"ఒరే తోర్డ్, అరవకురా. నాకు మోకాళ్ళు పోయాయి గాని చెవులు పోలేదు," అంది గున్వోర్. ఆవిడ క్లబ్బులో చొక్కాలు ఉతుకుతుంది, కాఫీ కాస్తుంది, ఆటగాళ్ళందరినీ పుట్టినప్పటినుంచి తిడుతుంది.

"అరవట్లేదు గున్వోర్. చెబుతున్నా."

"చెబితే కాఫీ గిన్నె ఎందుకు మోగిందిరా?"

ఆ ఏడు క్లబ్బు పరిస్థితి బాగోలేదు. శరదృతువులో చివరి ఆట హెడ్సెలెతో, సొంత మైదానంలో. ఓడినవాళ్ళు అట్టడుగు డివిజన్‌కి దిగిపోతారు. తోర్డ్‌కి కావలసింది ఆ ఒక్క ఆటే. కానీ ఆ ఊళ్ళో నన్ను ఆడించమని అడగటం సిగ్గుచేటు. అందుకని ఎండాకాలమంతా పిలవకపోయినా ప్రాక్టీసుకి వెళ్ళి, బంతులకి గాలి కొట్టి, గోలు వలల చిరుగులు కట్టి, కుడివైపు గీత పక్కన ఎందుకో ఒకందుకు నిలబడేవాడు. మిల్లులో పనిచేసే కోచ్ బెర్టిల్ బడిలో అతని పక్క బెంచీవాడే. అతనికీ అడగాలని ఉంది. అన్ని దేశాలు తిరిగినవాణ్ణి మన బురద మైదానంలో ఆడతావా అని ఎలా అడగడం? ఇద్దరూ ఆ సంకోచంతోనే ఎండాకాలం గడిపేశారు.

ఆఖరి వారంలో, క్లబ్బు గదిలో గున్వోర్ కప్పులు కడుగుతుండగా, తోర్డ్ సిగ్గు చంపుకున్నాడు.

"బెర్టిల్."

"ఏంటి."

"శనివారం... నేను ఆడనా?"

బెర్టిల్ కప్పులోకి చూశాడు. గుండె మీంచి బండ దిగినంత సంతోషమైంది అతనికి. ఆ సంతోషంలో మామూలు కన్నా గట్టిగానే పీల్చాడు.

ష్షుప్.

ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లకైనా అది అర్థమవుతుంది. తోర్డ్ మాత్రం ఆ ఊపిరి తరవాత రావలసిన "చూడు తోర్డ్" కోసం ఎదురుచూశాడు. అది రాలేదు. పాత స్నేహితుడు కదా, నోటితో అనలేకపోతున్నాడనుకున్నాడు.

"ఫరవాలేదులే. అర్థమైంది," అన్నాడు.

ష్షుప్, అన్నాడు బెర్టిల్. అర్థమైతే మంచిదే మరి.

"నా వయసు అయిపోయిందని నాకూ తెలుసు."

ష్షుప్. అది నిజమే, కాదని ఎలా అనడం?

తోర్డ్ లేచి, కప్పు కడిగి బోర్లించి, బయటికి నడిచాడు. బెర్టిల్ గున్వోర్ వైపు చూసి, "ఎంత అణకువో చూశావా? మనవాడే," అన్నాడు. ఆ సాయంత్రమే జట్టులో ఉన్న కుడివైపు కుర్రాణ్ణి పిలిచి, "నువ్వు దుప్పి వేటకి పోరా, నీ బదులు తోర్డ్ ఉన్నాడు," అన్నాడు. వేట కాలంలో ఆ మాట వినాలని ఎవరికి ఉండదు! ఆ కుర్రవాడు తుపాకీ తుడుచుకుని అడవిలోకి పోయాడు.

మర్నాడు పెట్రోలు బంకులో హెడ్సెలె కోచ్ అర్విద్ తగిలాడు. దక్షిణాదివాడు, నోట్లో గంజి పెట్టుకున్నట్టు మాట్లాడతాడు, కానీ ప్రతి మాటా బయటికే అంటాడు.

"ఏమయ్యా పెద్ద ఆటగాడా, శనివారం నిన్ను చూడబోతున్నామా?"

"లేదు. వద్దన్నారు."

"వద్దన్నారా? నిన్నా? వాళ్ళకి మతిపోయిందా? మా వైపు ఆడు."

"మీకు కావాలా?"

"అవునయ్యా! అవును, అవును!" అన్నాడు అర్విద్, బంకు కప్పు అదిరేలా.

ఎన్నేళ్ళ తరవాతో ఒకడు తనకి నోరు నిండా అవునన్నాడు. తోర్డ్ బండి బానెట్ మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు.

శనివారం హెడ్సెలె బస్సులోంచి నీలం చొక్కాలో దిగాడు. ఊరంతా చూసింది. ఎవరూ కేక వెయ్యలేదు, ఎవరూ ఉమ్మలేదు. పక్కవాళ్ళతో వాతావరణం గురించి మాట్లాడుతూనే ఉన్నారు. వేటకి పోయిన కుర్రాణ్ణి వెనక్కి పిలిపించడానికి అడవిలోకి మనిషిని పంపే సమయం బెర్టిల్‌కి లేదు. పసుపు జట్టు పదిమందితో దిగింది. కుడివైపు గీత పక్కన ఎవరూ లేరు.

తోర్డ్ ఆ ఖాళీ చూశాడు. 'నన్ను తీసుకోవడం కన్నా ఖాళీగా వదిలేయడమే నయమనుకున్నారా?' అనిపించింది. అప్పటిదాకా అతనిలో ఉన్నది బాధే. అప్పుడు అది కోపమైంది. కోపానికి మోకాళ్ళతో పని లేదు. చెడిన రెండు కాళ్ళ మీద అతను పరుగెత్తిన పరుగు చూసి, గోలు వెనక మేస్తున్న రెయిన్‌డీర్లు సిగ్గుపడి అడవిలోకి పోయాయని ఇప్పటికీ చెబుతారు.

ఆట ఇక ముగుస్తుందనగా, రెండు జట్లూ సమానంగా ఉండగా, బంతి అతని కాళ్ళ దగ్గరికి వచ్చింది. ఎదురుగా గోలు కీపరు ఒక్కడే, ఊరి బళ్ళో లెక్కల మాస్టారు. ఆయన చేతులు చాచలేదు. ఎంతైనా సొంత ఊరి మీద కొట్టడులే అనుకున్నాడు. చేతులు కిందికి వేసి, తోర్డ్ మొహంలోకి చూసి, కాస్త నవ్వాడు కూడా.

తోర్డ్ కొట్టాడు.

ఆట అయిపోయాక క్లబ్బు ఇరుకు నడవలో గున్వోర్ ఎదురైంది. ఆవిడ చేతిలో మడత నలగని పసుపు చొక్కా, వీపు మీద కుట్టిన అతని పేరు.

"ఇదేంటి?" అన్నాడు తోర్డ్.

"చొక్కారా. మంగళవారం నుంచి కుడుతున్నా. కళ్ళు కనబడక ఆ ఎల్ అక్షరం కాస్త వంకర పోయింది."

"బెర్టిల్ వద్దన్నాడుగా!"

వెనకాలే వస్తున్న బెర్టిల్ ఆగిపోయాడు. "నేనా? నేనెప్పుడు వద్దన్నాను? నువ్వడిగావు, నేను అవునన్నాను. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ అన్నాను. గున్వోర్ అక్కడే ఉంది."

"నువ్వు ఊపిరి పీల్చావంతే!"

పసుపువాళ్ళూ, నీలంవాళ్ళూ, అందరూ అతని వైపు తిరిగి చూశారు. వాళ్ళ కళ్ళలో కోపముంటే బాగుండేది. ఏమైందో అర్విద్ ఒక్కడికే బోధపడలేదు, "ఏంటీ? ఏంటంటున్నారు?" అని ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు.

గున్వోర్ చొక్కా మడిచి చంకలో పెట్టుకుంది. "బెర్టిల్, తప్పు నీదే. ఇన్నేళ్ళు బయట దేశాల్లో ఉన్నవాడు, మన భాష ఎలా తెలుస్తుందిరా పాపం? నోటితో చెప్పొద్దూ?" అంది. ఆపైన తోర్డ్ ముందుకి వచ్చి, అతని మొహంలోకి చూస్తూ, గొంతు పెంచి, ఒక్కో అక్షరం విడదీసి అడిగింది.

"కా-ఫీ... తా-గు-తా-వా?"

అది వెటకారమైతే తోర్డ్ తట్టుకునేవాడు. ఆవిడ నిజంగానే దయతో అంది.

ఆ దయ ఊరంతా పాకడానికి ఒక్క వారం పట్టింది. కొట్లో, చర్చిలో, మంచు తీసే బండి షెడ్డులో, అతను ఏమడిగినా జనం నోరు పూర్తిగా తెరిచి, తల పైకీ కిందికీ ఊపుతూ "అ-వు-ను" అంటారు. తమలో తాము గాలి పీల్చుకుంటూ మాట్లాడుకునేవాళ్ళు కూడా అతను లోపలికి రాగానే సర్దుకుని మాటలు బయటికి అంటారు. ఒకసారి అతను తెగించి తనే ష్షుప్‌మన్నాడు. కొట్టులో అమ్మాయి గౌరవంగా చిరునవ్వు నవ్వి, "అబ్బ, బాగా నేర్చుకుంటున్నారే!" అని మెచ్చుకుంది.

వసంతంలో మైదానం ఆరాక తోర్డ్ మళ్ళీ బెర్టిల్ దగ్గరికి వెళ్ళి, ఈ ఏడు ఆడనా అని అడిగాడు. "అ-వు-ను! నువ్వు! ఆ-డు!" అన్నాడు బెర్టిల్, వేలితో అతని ఛాతీ చూపిస్తూ. ఆ పసుపు చొక్కా ఇచ్చారు. అట్టడుగు డివిజన్‌లో, కుడివైపు గీత పక్కన, ప్రతి శనివారం ఆడుతున్నాడు. బంతి అందరికన్నా ముందు అతనికే ఇస్తారు. ఆట మొదలయ్యే ముందు మాత్రం ఎవరో ఒకరు అతని దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, అవతలి గోలు చూపించి, నెమ్మదిగా, గట్టిగా చెబుతారు.

"తోర్డ్. మనం... అ-టు."