ఐసుగడ్డ మీద అమెరికా పాఠం

ఇందుమూలముగా బజారు వీధి ప్రజలందరికీ, పిల్లాజెల్లాతో సహా, తెలియజేయడమేమనగా: మొన్నటి దినం మొదలుకొని మా అంగడిలో నిమ్మకాయ సోడా, రంగు సోడా, ఉప్పు సోడా ఏదీ చల్లగా దొరకదు. వెచ్చటిదే తాగి, తేన్చి, పోవలసినది. ఈ విషయమై మొహం చిట్లించువారును, గోళీని గట్టిగా నొక్కి తమ కోపం చూపించువారును శిక్షార్హులు. ఇట్లు, అంగడి యజమాని, ఎనిమిదో తరగతి, మూడు పర్యాయములు.

కారణం ఏమంటే, ఐసంతా మా అయ్యవారికి పోయింది. హైస్కూల్లో మాకు చరిత్ర చెప్పిన అయ్యవారు మొన్న పొద్దున పోయారు. ఒక్కతే కూతురు. గూడూరు నుంచి రావాలి. రేణిగుంటలో రైలు దిగి, బస్సు పట్టుకుని చిత్తూరు చేరాలి. చూస్తే నడి ఎండాకాలం. వాళ్ళ ఎదురింటాయన వచ్చి, "అబ్బా, ఐసుగడ్డలు నాలుగు కావాల" అన్నాడు. అంగడిలో ఉన్న ఏడూ బండిలో వేసుకుని నేనే పోయాను. గడ్డలకంటిన రంపపుపొట్టు కడిగి అయ్యవారి చుట్టూ పేర్చాను. కాళ్ళ దగ్గర పెట్టేటప్పుడు మాత్రం చెయ్యి ఆడలేదు. ఎందుకో చెప్పాలంటే ముప్పై ఏళ్ళు వెనక్కి పోవాలి.

అయ్యవారు పలమనేరు పక్క పల్లె నుంచి వచ్చిన మనిషి. రెండే చొక్కాలు. సుద్దముక్క గోరంత అయ్యేదాకా రాసి, దాన్ని చెవి సందున పెట్టుకుని, మరిచిపోయి ఇంకొకటి తీసేవారు. ఎక్కడైనా కాసేపు కూర్చోవడానికి చోటు వెతుక్కుంటున్నట్టు నడిచేవారు. పాఠం కూడా అట్లాగే, మెల్లగా. ఒక్క అమెరికా పాఠానికి మాత్రం నిలబడేవారు.

"ఒరే, ఇంగ్లండు రాజు యాడో సముద్రానికి అవతల ఉండాడు. అమెరికావోళ్ళు ఈడినుంచి ఒక మనవి రాసి పంపితే పడవలో పొయ్యేకి రెండు నెలలు. కాదని ఆయన చెప్పేది తిరిగొచ్చేకి ఇంకో రెండు నెలలు. అంతలోపల ఇంకో పన్ను."

"టీ మీద గూడానా సార్?"

"టీ మీద గూడా. పెట్టెలకు పెట్టెలు సముద్రంలో పారబోసినారు."

నేను లేచాను. "మేం సోడా పారబోస్తే మా నాయన తంతాడు సార్."

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "తన్నేవాడు ఇంట్లోనే ఉండాడు గాబట్టి నీకు యుద్ధం రాలేదు. కూర్చో."

తర్వాత పాఠంలో మంచు వచ్చేది. చిత్తూరు పిల్లలకు మంచు ఏం తెలుసు? అందుకని మా నాయన అంగడి నుంచి ఐసుగడ్డ తెప్పించి, గోనెసంచి పరిచి దాని మీద పెట్టించేవారు. చెప్పులు విప్పమనేవారు. విప్పడానికి నలుగురికే ఉన్నాయి.

"ఆ చలికాలం వాళ్ళ సిపాయిలకు కాళ్ళకు బూట్లు లేవు. కడుపుకు తిండి లేదు. నూరు లెక్కపెట్టేదాకా దీని మీద నిలబడండి. ఇంటికి పోవాలనుకునేవాడు దిగొచ్చు."

నేను ఇరవైకే దిగాను. పిల్లలు గేలి చేశారు. ఎప్పుడూ కసరని అయ్యవారు అప్పుడు కసిరారు. "దిగినోణ్ణి సూసి నవ్వద్దండ్రా. నిలబడినోళ్ళ గురించి పుస్తకాల్లో రాస్తారు. ఇంటికి పోయినోళ్ళ ఇండ్లల్లో ఏం జరిగిందో ఎవురన్నా రాసినారా?"

అంతలో గంట కొట్టేది. పాఠం ప్రతి ఏడూ ఆ మంచులోనే ఆగిపోయేది. "ఆఖరికి గెలిచినారా సార్?" అంటే, "పుస్తకంలో ఉండాది, సదువుకో" అనేవారు. నేను చదవలేదు. ఎనిమిదో తరగతి మూడేళ్ళు చదివిన పుణ్యాన అదే పాఠం మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ ఇరవైకే దిగాను.

ఆయన క్విట్ ఇండియా రోజుల్లో వేలూరు జైలుకు పోయివచ్చారని ఊరందరికీ తెలుసు. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయిన సంబరంలో సమరయోధులకు తామ్రపత్రాలని రాగి రేకులు ఇస్తూ ఉంటే, ఆయన మాత్రం అర్జీ పెట్టలేదు. మొహమాటం అనుకున్నాను. అప్పటికి అంగడి నా చేతికొచ్చింది. బుద్ధి మాత్రం ఎనిమిదో తరగతిలోనే ఉంది. ఆయన పేరుతో అర్జీ రాసి, ఆయన సంతకం నేనే పెట్టి పంపాను. మార్కుల కార్డు మీద మా నాయన సంతకం పెట్టిపెట్టి ఆరితేరిన చెయ్యి. రేకు చేతికొచ్చినప్పుడు ఆయన మొహం చూడాలని, అంతే. చూడ్డానికి రమ్మని బజారుకంతా ముందే చెప్పిపెట్టాను.

ఒక సాయంత్రం కలెక్టరాఫీసు నుంచి విచారణకు మనిషి వచ్చాడు. అయ్యవారు మా అంగడి బల్ల మీద కూర్చుని ఉప్పు సోడా తాగుతున్నారు. జనం మూగారు.

"ఎన్ని నెలలు ఉండినారయ్యా జైల్లో?"

అయ్యవారు అర్జీ కాగితం అడిగి తీసుకున్నారు. సంతకం దగ్గర వేలు ఆగింది. తలెత్తి నన్ను చూశారు. కోపం లేదు. ఎంతో దూరం నడిచి వచ్చినవాడు ఇంకా దూరం ఉందని తెలిసినప్పుడు చూసే చూపు. 'ఇది నా సంతకం కాదు' అని ఒక్క మాట అంటే ఆయన బయటపడేవారు, నేను లోపలికి పోయేవాణ్ణి. ఆ మాట అనలేదు.

"పదకొండు దినాలు," అన్నారు. "ఇంటికాడ బిడ్డకు జరమని జాబొచ్చింది. పన్నెండో దినం, తప్పయింది, ఇంక ఇట్లాంటివి చెయ్యనని రాసిచ్చి వచ్చేసినా. నేను ఇల్లు చేరేతలికి బిడ్డ వాకిట్లో ఆడుకుంటా ఉండింది. ఈ అర్జీ కొట్టెయ్యండప్పా."

సగం సోడా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

మరుసటి రోజుకు బజారులో ఆయన పేరు 'పదకొండు దినాల అయ్యవారు'. ఇట్లాంటి పేర్లు పెట్టేది ఎప్పుడూ నేనే. ఆ ఒక్కటి నేను పెట్టింది కాదు. ఆ తర్వాత ఆయన మా అంగడి మెట్టెక్కలేదు. రోడ్డుకు అవతలి పక్క నడిచేవారు. బడి నుంచి ఐసుకు మనిషి రావడం కూడా ఆగిపోయింది. అట్లా పన్నెండేళ్ళు. 'తప్పయింది' అనడానికి ఆయనకు పదకొండు రోజులు పట్టింది. నాకు పన్నెండేళ్ళు చాలలేదు.

పోయిన నెల ఆయన మంచాన పడ్డారని తెలిసి, ఐసుగడ్డ సంచిలో చుట్టుకుని పోయాను. ఊరికే పోవడానికి మొహం చెల్లలేదు. నన్ను చూసి లేచి కూర్చున్నారు. "ఏమప్పా, మళ్ళా అర్జీ ఏమన్నా రాసినావా?" అన్నారు. కాళ్ళు పట్టుకున్నాను. ఇంకేం మాట్లాడాలో తెలియక, "వాళ్ళు గెలిచినారా సార్?" అన్నాను.

"గెలిచినార్రా. మంచులో నిలబడినోళ్ళకూ, ఇంటికి పోయినోళ్ళకూ ఒకే స్వాతంత్ర్యం వచ్చింది. వేరేవేరేగా పంచలేదు."

నిన్న మధ్యాహ్నానికి కూతురు వచ్చింది. ఆనాడు వాకిట్లో ఆడుకుంటున్న బిడ్డ; ఇప్పుడు తలలో తెల్ల వెంట్రుకలు. ఏడవలేదు. కాసేపు తండ్రి కాళ్ళు తడిమి, "మా నాయనకు సలి పడదన్నా" అని, కాళ్ళ దగ్గర నేను పెట్టిన గడ్డను మెల్లగా పక్కకు జరిపింది.

ఇంతసేపూ ఓపిగ్గా చదివారు కాబట్టి మీకు ఒక అబద్ధం బాకీ పెట్టుకోను. పోయిన నెల ఐసుగడ్డ తీసుకుని పోయింది నిజం. లోపలికి పోయింది అబద్ధం. ఆ గెలుపు మాట ఆయన అనలేదు. అప్పుడు ఆయన సంతకం నేను పెట్టినట్టే, ఇప్పుడు ఆయన మాటా నేనే రాసుకున్నాను. జరిగింది ఇంతే. గేటు బయట నిలబడ్డాను. లోపల దగ్గు వినిపిస్తూ ఉంది. చంకలోని సంచిలోంచి ఐసు కరిగి, చుక్కచుక్కగా నా కాళ్ళ మీద పడుతూ ఉంది. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై అయింది. ఇంటికి వచ్చేశాను.