అతుకు వేసిన చెంచా

కోసాడ్ కాలనీలో మా బ్లాకు వాళ్లు ఈ సంగతిని దయ్యం కథగా చెప్పుకుంటున్నారు. వాళ్ల కథలో చెంచా పళ్లెంలో దానంతటదే కదులుతుంది. చెంచా ఎప్పుడూ కదల్లేదు. కదలని చెంచాను చూసి నేనెందుకు వణికానో ఎవరో ఒకరు ఉన్నదున్నట్టు రాసిపెట్టాలి. పాత స్టీలు చెంచాల మీద పుస్తకం చదివిన మనిషిని ఇక్కడ నేనొక్కదాన్నే కనుక ఆ పని నా మీద పడింది.

నా బడి ఏడో తరగతితో ఆగిపోయింది. బతుకుతెరువుకు ఇటు వచ్చి, చీరలు మడతపెట్టే పనిలో ఉంటూ దుకాణాల బోర్డులు చూసి గుజరాతీ, నిఘంటువు పట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. సెలవు దొరికితే లైబ్రరీకి పోతాను. అక్కడ ఒక మూల బీరువాలో పాత స్టీలు చెంచాలు, ఫోర్కులు గుర్తుపట్టి విలువ కట్టడం గురించిన పుస్తకం కనిపించింది. వెండి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, స్టీలునెవరు పట్టించుకుంటారు? అందుకే దాన్ని వదల్లేదు. ముందు వెనకవైపు ముద్ర చూడాలి. కాడ మందంగా ఉండి గుంట అంచు పల్చబడుతూ పోతే మంచి పనితనం. ఒకే మందం రేకును నొక్కి తీసినవి చౌకరకం. మంచి స్టీలును అయస్కాంతం గట్టిగా పట్టదు. అన్నిటికన్నా నాకు నచ్చింది అరుగుదల సంగతి. కుడిచేత్తో తినేవాళ్ల చెంచా కొన ఎడమవైపు అరుగుతుంది. ఎడమచేతివాళ్లది కుడివైపు.

ఇది చదివాక బ్లాకులో ఎవరింటికి వెళ్లినా చెంచాలు తిరగేసి చూడటం అలవాటైంది. మూడో అంతస్తులో ఉండే, నేను పెద్దమ్మా అని పిలిచే ఆమె దగ్గర అయిదు చెంచాలు దొరికాయి. వెనక గుండ్రంలో చిన్న చేప ముద్ర, చేతిలో నిండైన బరువు. మగ్గాల సేటు ఎప్పుడో దీపావళికి ఇచ్చిన సెట్టు.

"ఆరుంటే మంచి విలువుండేది పెద్దమ్మా. ఆరోది ఏమైంది?"

"మీ పెద్దనాయన తీస్కపోయిండు," అంది.

ఆయన కుడిచేతి వేళ్లు పవర్లూమ్‌లో పోయాయి. అప్పటి నుంచి ఎడమచేత్తో, చెంచాతోనే తినేవాడట. ఆ చెంచా మీద ఆయన పేరులో మొదటి అక్షరం వేయించాలని పెద్దమ్మ గిన్నెల దుకాణానికి పోయింది. భర్త పేరు నోటితో పలకదు కనుక ఆ అక్షరాన్ని కాగితం మీద గీసి ఇచ్చింది. దుకాణదారుకు తెలుగు రాదు. చుక్కలు చుక్కలుగా దాన్ని తలకిందులుగా కొట్టి ఇచ్చాడు. తాపీ నది పొంగిన ఏడు ఆయన టిఫిన్ డబ్బాలో ఆ చెంచా పెట్టుకుని పనికి పోయాడు. మళ్లీ రాలేదు. శవమూ దొరకలేదు. నది ఒడ్డున వాళ్ల గుడిసె కొట్టుకుపోయింది. తర్వాత సర్కారు ఆమెకు ఈ కోసాడ్ ఇల్లు ఇచ్చింది. ఇక రాడని పెద్దలు తేల్చి చెప్పాక, ప్రతి పెత్రమాసకు, అంటే పితృ అమావాస్యకు, మన దిక్కు చనిపోయినవాళ్ల పేరున బియ్యం ఇచ్చినట్టే ఆయన పేరునా ఇస్తూ వచ్చింది.

ఈ మధ్య చౌక్ దగ్గర పాత సామాన్ల సంతలో, తాళాలూ నట్లూ పోసిన కుప్పలో, ఒక చేప ముద్ర కనిపించింది. తిప్పి చూస్తే తలకిందుల అక్షరం. అది పెద్దనాయనదేనని తెలిసినా బేరం మానలేదు. మెడ దగ్గర వెల్డింగ్ అతుకు ఉంది. అతుకున్న దానికి విలువ తగ్గుతుందని పుస్తకం చెప్పింది కనుక దాన్నే చూపించి వాదించాను.

"చమ్చీ హై బెన్, కోహినూర్ నహీ!" చెంచాయే కదా అక్కా, కోహినూరేం కాదు అని అమ్మేవాడు విసుక్కుని ఇచ్చేశాడు.

పెద్దమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుంది. అక్షరం మీద వేలు తిప్పింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. దాన్ని వెలుతురుకు పట్టింది.

"ఏందే బిడ్డా, మెడ మీద గీ గడ్డ?"

"విరిగితే అతికించిండ్రు పెద్దమ్మా."

"గిది ఇరగలే గదా. ఆయన పొయిన పొద్దు గూడ నేనే తోమి డబ్బల పెట్టిన."

అప్పుడు మళ్లీ చూశాను. సంతలో ధర కోసం చూసిన అతుకును ఇప్పుడు అరుగుదల కోసం చూశాను. కొన కుడివైపు అరిగి ఉంది. అది పాతదే కావచ్చు. కానీ అతుకు గడ్డ కూడా ఒక పక్కన నున్నగా అరిగిపోయింది, బొటనవేలు ఆనే చోట. కుడిచేత్తో పట్టుకుంటే ఆ గడ్డ గుచ్చుకుంది. ఎడమచేతిలోకి మార్చగానే చెంచా ఒదిగి కూర్చుంది, ఎవరో నా చేతిని తమ చేతిలోకి తీసుకున్నట్టు. చటుక్కున కింద పెట్టేశాను. స్టీలు అట్లా అరగాలంటే ఏళ్లు పడుతుంది. అవన్నీ వరద తర్వాతి ఏళ్లు.

"బురదల ఎవలికో దొరికి వాడిండ్రేమో పెద్దమ్మా," అన్నాను.

"ఎడమచేత్తోనా?"

నేను చెంచాను మళ్లీ ఆమె చేతికిచ్చాను.

"నేను బియ్యమిచ్చిన్నాడు గూడ ఆయన దీంతోనే తింటున్నడో ఏమో," అంది మెల్లగా. "బతికున్నోనికి బియ్యమిచ్చిన్నా బిడ్డా?"

పెత్రమాస దగ్గర పడుతోంది. ఈసారి ఆయన పేరున ఇవ్వాలా వద్దా అన్నదే ఆమెకు దిగులైపోయింది. నేను మళ్లీ సంతకు పోయి అడిగాను. సచిన్ అనే ఊరి వైపు ఖాళీ చేసిన ఒక కూలీ గది సామాను గోనెసంచితో సహా కొన్నానని అమ్మేవాడు చెప్పాడు. చాప, ఒక పళ్లెం, ఒక గిన్నె, చెంచా. అన్నీ ఒక మనిషికి సరిపడేవే. ఆ మనిషి చనిపోయాడో, వెళ్లిపోయాడో అతనికి తెలియదు.

పెత్రమాస నాడు అయ్యగారు వచ్చారు. అత్తమామల పేర్లయ్యాక అలవాటు ప్రకారం ఆయన పేరు ఎత్తబోయారు. పెద్దమ్మ బియ్యం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగుండ్రి." నా వైపు తిరిగింది. "ఇయ్యాల్నా, వద్దా? నువ్వు సదివినవు గదా."

"పుస్తకంల గది లేదు పెద్దమ్మా."

ఆ బియ్యం వెనక్కి తీసుకుని వండింది. మధ్యాహ్నం పళ్లెంలో వడ్డించి, ఎడమవైపు చెంచా పెట్టి, తలుపు బార్లా తీసింది. ఇద్దరం గోడకానుకుని కూర్చున్నాం. కింద నుంచి మెట్ల మీద అడుగుల చప్పుడు వచ్చింది. తొందర లేని నడక. మొదటి అంతస్తు. రెండో అంతస్తు. అక్కడ ఆగింది. ఏ తలుపూ చప్పుడు కాలేదు.

"ఆయనకు గీ ఇల్లు తెల్వది గదా," అంది పెద్దమ్మ. "గుడిసె కాడికి వచ్చి చూసిండేమో. ఆడ ఏముంది చూడనీకి?"

లేచి మెట్ల దగ్గరికి పోయింది. కటకటాలు పట్టుకుని కిందికి వంగి, పెళ్లయినప్పటి నుంచి నోట రాని పేరును గొంతెత్తి పిలిచింది. రెండోసారి ఇంకా గట్టిగా పిలిచింది. ఆ పేరు ఇక్కడ రాయను. అది ఆమె పిలవాల్సిన పేరు.

కాసేపటికి అడుగులు మెల్లగా కిందికి దిగిపోయాయి. నేను ఉరికి వెళ్లి చూసేసరికి మెట్ల మీద ఎవరూ లేరు. పెద్దమ్మ మాత్రం పిలుస్తూనే ఉంది.

ఆ పేరు రాయనన్నాను కనుక మిగతా మనుషుల్ని కూడా వాళ్ల పనులతోనే తలచుకుంటాను. గడువు దాటినా పుస్తకం నా దగ్గరే ఉంచనిచ్చిన లైబ్రరీ బెన్‌కు, రెండోసారి విసుక్కోకుండా జవాబు చెప్పిన సంత మనిషికి, ఇవ్వాల్సిన బియ్యం వెనక్కి తీసుకుంటే ఒక్క మాటా అనని అయ్యగారికి, ఇదంతా రాయనిచ్చిన పెద్దమ్మకు దండాలు. విరిగిన చెంచాను పారేయక అతికించి, అన్నేళ్లు ఎడమచేత్తో తిని, కడిగి పెట్టుకున్నవారికి కూడా, వారెవరైనా, ఎక్కడున్నా.