బోసన్ పురమాయించిన పని

2023 ఎండాకాలం. నేను సెలవు మీద గద్వాలలో ఉన్నాను. మర్చంట్ నేవీలో, అంటే సరుకు మోసే ఓడల్లో, నాది ఈటీఓ ఉద్యోగం. వంటగదిలో గ్రైండర్ మొదలు ఇంజన్ రూములో అలారం దాకా కరెంటుతో నడిచేది ఏది మొరాయించినా నన్నే పిలుస్తారు. నెలల తరబడి ఆ పిలుపులు వినీ వినీ ఇంటికొస్తాను కాబట్టి, సెలవులో ఎవరైనా పని చెబితే నాకు ఒళ్ళు మండుతుంది. ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నేను విసుక్కోని ఘట్టాలు తక్కువ.

ఒకరోజు మధ్యాహ్నం కంచం ముందు కూర్చోగానే ఫోన్ మోగింది. రోడెల్. ఫిలిప్పీన్స్ మనిషి, బోసన్. బోసన్ అంటే డెక్ మీద పనిచేసేవాళ్ళకు మేస్త్రీ లాంటివాడు. నాతో రెండు ఓడల్లో చేశాడు, అప్పుడు వేరే ఓడలో ఉన్నాడు. మా మాటలు ఇంగ్లిషులో జరుగుతాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"సార్, మీ ఊరివాడు ఒకడు నా దగ్గర ఉన్నాడు. అన్నం తినడం లేదు."

"మా ఊరంటే?"

"ఇండియా."

నా నోట్లో ముద్ద ఉండబట్టి సరిపోయింది. అంత పెద్ద దేశంలో అన్నం తిననివాడల్లా నా పూచీయా అని అడిగాను. రోడెల్ నవ్వలేదు. "గద్వాల అంటున్నాడు సార్. మీరూ గద్వాల అన్నారు కదా" అన్నాడు.

అతని పేరు ప్రభుదాస్. రాజోలి దగ్గర పల్లెవాడు, మొదటి ఓడ, డెక్ మీద చిన్న పనివాడు. భార్య సుగుణకు నెలలు నిండుతున్నాయి, పురిటికి నాగర్‌కర్నూల్ దగ్గర పుట్టింటికి పోయింది. కొన్నాళ్ళుగా ఆమె ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. తల్లినడిగితే ఫోన్ ఖరాబైందంటోంది. ఖరాబైన ఫోన్ ఎలా మోగుతుంది? అందుకని ప్రభుదాస్ ఉద్యోగం వదిలేసి, వచ్చే రేవులో తన ఖర్చుతోనే దిగిపోతానని కూర్చున్నాడు. అలా మధ్యలో దిగినవాణ్ణి ఏ కంపెనీ మళ్ళీ పిలవదు. ఆ ఇంట్లో జీతం తెచ్చేది అతనొక్కడే.

"మీరు పోయి చూసి రావాలి సార్. కళ్ళతో" అన్నాడు రోడెల్.

కాదనలేకపోవడానికి కారణం ఉంది. ఓడలో పైకి కనిపించే వరస ఒకటి, కెప్టెన్ నుంచి కిందికి. దాని అడుగున ఫిలిప్పీన్స్ వాళ్ళ వరస ఇంకొకటి నడుస్తుంది. ఒకడు అందరికీ క్షవరం చేస్తాడు, వాడి వాచ్, అంటే కాపలా వంతు, ఇంకొకడు కాస్తాడు. ఇంటికి పోయేవాడి పెట్టెలో సగం పక్కవాళ్ళ సామానే, అవి ఇచ్చి రావడానికి వాడు సెలవులో దీవులన్నీ తిరుగుతాడు. ఒకసారి నాకు మూత్రపిండంలో రాయి కదిలి నేల మీద పొర్లుతుంటే, ఆఫీసు అనుమతి కోసం అందరూ ఎదురుచూస్తున్నారు. రోడెల్ మాత్రం ఆ రేవులో పనిచేసే తన బంధువుకు ఫోన్ చేసి, సాయంత్రం కల్లా నన్ను ఆసుపత్రిలో పడేశాడు. తర్వాత ఆ రుణం తీరుద్దామని అతని ఫ్యాను బాగుచేశాను. "అది మీ డ్యూటీ సార్" అన్నాడు. థాంక్స్ చెబితే మర్యాదగా విని పక్కన పెడతారు, మనిషిని మాత్రం వదలరు.

నా భార్య వసంత విని, "ఏందయ్యా, సెలవుల వచ్చింది ఊర్లు తిరగనీకేనా? నన్ను బీచుపల్లి గుడికి తీస్కపో అంటే ఎండలంటవ్" అంది. తప్పులేదు, అన్నది నిజమే.

మర్నాడు బండి మీద శాంతినగర్ మీదుగా పోయాను. ఎండకు తారు మెత్తబడి టైర్లకు అంటుకుంటోంది. ప్రభుదాస్ తల్లి సత్యమ్మ నన్ను చూడగానే వాకిట్లోనే నిలబడిపోయింది.

"కంపెనీల కెళ్ళి వచ్చినవా సారూ? మావోనికేమన్న అయిందా?"

ఏమీ కాలేదని చెప్పి, కోడలి సంగతి అడిగాను. "మంచిగనే ఉన్నది. ఫోన్ ఖరాబైంది" అంది, అప్పజెప్పిన పాఠంలా. సరిగ్గా అప్పుడే లోపల ఇనుప సందుగలో ఫోన్ మోగింది. మోగి మోగి ఆగిపోయింది. ఆమె నా వైపు చూడలేదు.

"అది సుగుణ ఫోనే కదమ్మా?"

"నేనే తెచ్చిన. ఆమె దగ్గరుంటె చెప్పేస్తదని." అంత మాటా అని కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. బిడ్డ కడుపులోనే చనిపోయింది. సుగుణ ప్రాణం దక్కింది, పుట్టింట్లోనే ఉంది.

"కొడుక్కు చెప్పకపోతే ఎట్లమ్మా?"

"నీళ్ళ మీద ఉన్నడు సారూ. మా అన్న బొంబాయిల పది అంతస్తుల మీద పని చేస్తుండె. అమ్మ సచ్చిపోయిందని ఫోన్ల చెప్పిండ్రు. పక్కకెవలు లేరు. గదే దినం కిందవడ్డడు. మావోడు ఓడ మీదికెళ్ళి పడితే పీనిగ గూడ దొరకదు."

"మరి ఫోన్ బంద్ చేయకపోయినవా? అది మోగబట్టే వాడు పరేషాన్ అవుతుండు."

"రోజు ఛార్జింగ్ పెడుత. మోగుతుంటె మావోడు బతికున్నడని తెలుస్తది" అంది.

నాకు కోపం వచ్చింది, కానీ ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. నచ్చజెప్పి ఫోన్ తీసుకున్నాను. సుగుణను కళ్ళతో చూసి, ఆమె ఫోన్ ఆమెకిచ్చేద్దామని ఆ మర్నాడు బస్సులో కృష్ణ దాటి, వనపర్తిలో మారి, నాగర్‌కర్నూల్ చేరి, అక్కడి నుంచి ఆటోలో సుగుణ పుట్టింటికి పోయేసరికి వసంత నాలుగుసార్లు ఫోన్ చేసింది. మొదటిసారి ఎక్కడున్నావని, తర్వాత ఆ పిల్ల ఎట్లుందని.

సుగుణ గోడకు ఆనుకొని కూర్చుంది. ఇరవై మూడో నాలుగో ఉంటాయి. ఫోన్ చేతిలో పెడితే దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"ఆయనకు చెప్పలే కదన్నా?"

"లేదు చెల్లె."

"నేను చెప్త. నా బిడ్డ ముచ్చట నేను చెప్పొద్దా? అందరు కలిసి నా నోరు మూసిండ్రు."

నిజమే అనిపించింది. నా పని కూడా అయిపోతుంది. ఇప్పుడే చేయమన్నాను. ఆమె ఫోన్‌లో ప్రభుదాస్ పేరు వెతికేలోపు, మర్యాద కోసం రోడెల్‌కు మెసేజ్ పెట్టాను: బిడ్డ దక్కలేదు, తల్లి బాగుంది, ఆమే ఇప్పుడు ఫోన్ చేస్తోంది. వెంటనే నా ఫోన్ మోగింది. రోడెల్ గొంతులో అంత గాభరా నేనెప్పుడూ వినలేదు.

"వద్దు సార్! రేవులోకి పోతున్నాం. ఇంకాసేపట్లో వాడు తాడు దగ్గర నిలబడాలి."

ఓడను రేవుకు కట్టే పనిని మూరింగ్ అంటారు. తొడంత లావు తాళ్ళు బిగుసుకుని ఉంటాయి. తెగిందా, ఎదురున్న మనిషి కాళ్ళు ఉండవు. నాకు తెలియనిది కాదు. పదహారేళ్ళ సర్వీసుండి, పని వదిలించుకునే తొందరలో అడగలేదు.

"చెడ్డ కబురు నేరుగా ఆ మనిషికే చెప్పం సార్. పక్కన కూర్చునేవాడికి ముందు చెబుతాం. ఈ పూట వాణ్ణి తాడు దగ్గరికి పంపను. మేం ఓడ కట్టేశాక నేను పక్కన కూర్చుంటాను. అప్పుడు ఆమె మాట్లాడాలి."

ఈ మాట సుగుణకు చెప్పాను. ఒప్పుకుంది. వాళ్ళమ్మ చాయ్ పెట్టింది. కరెంటు పోయింది, ఈగలు ముసిరాయి, నా ఆఖరి బస్సు ఏదో కూడా తెలియదు. సాయంత్రం రోడెల్ నాకు ఫోన్ చేశాడు. సుగుణ ఫోన్ అందుకుని, "నేనే. నేను మంచిగున్న. నువ్వు కూసో" అంది. నేను బయటికి వచ్చేశాను. అవతల ప్రభుదాస్ ఏడుపు వాకిట్లోకి వినిపించింది.

ఉద్యోగం పోకుండా ప్రభుదాస్‌ను ఇంటికి పంపడానికి ఇంకో చిక్కు వచ్చింది. నిర్ణయించిన సంఖ్య కన్నా ఒక్కడు తగ్గినా ఓడ కదలకూడదు. ఇండియా నుంచి బదులు మనిషి రావాలంటే వీసాకే వారాలు పడుతుంది. అప్పుడు రోడెల్ మనుషుల్లో డానిలో అనే ఆయన ముందుకొచ్చాడు. అతని కాంట్రాక్టు ముగిసింది, ఆ రేవులోనే దిగిపోవాలి, అతని బదులు మనిషి వచ్చేశాడు కూడా. "నేను ఆగుతాను, కుర్రాణ్ణి పంపండి" అన్నాడు. ప్రభుదాస్ చేసే కింది పని చేస్తూ, వాడి బదులు మనిషి దొరికేదాకా. కెప్టెన్ గొణిగి, ఆఫీసు ఇంకా ఎక్కువ గొణిగి, చివరికి ఒప్పుకున్నారు.

ప్రభుదాస్ వచ్చాక కబురు పెడితే మళ్ళీ నాగర్‌కర్నూల్ పోయాను. ఈసారి వసంత కూడా వచ్చింది. ప్రభుదాస్ నా చేతులు పట్టుకుని వదలలేదు. నేను చేసిందేమీ లేదని, ఆగిపోయింది డానిలో అని చెప్పాను. అప్పుడు సుగుణ అడిగింది.

"ఆయన ఇంట్ల ఎవరున్నరన్నా?"

నాకు తెలియదు. ప్రభుదాస్‌కూ తెలియదు. అక్కడి నుంచే రోడెల్‌కు ఫోన్ చేశాను. భార్య, ఇద్దరు పిల్లలు అన్నాడు. ఎయిర్‌పోర్టుకు ఎదురు పోవడానికి ఆమె వ్యాను కూడా మాట్లాడి పెట్టుకుందట. ఒప్పుకున్న తర్వాత డానిలో ఆమెకు చెప్పాడట. కోపంతో మాట్లాడటం మానేసిందట. "సర్దుకుంటుంది సార్" అన్నాడు రోడెల్.

సుగుణ ముఖం మారిపోయింది. "నన్నడగక నా ఫోన్ గుంజుకున్నరు. ఆమెనడగక ఆమె మొగుణ్ణి ఆపిండ్రు. నేను ఆమెతోని మాట్లాడాలె."

దేవుడా అనుకున్నాను. నాకు మళ్ళీ పని పడింది. సుగుణ తెలుగులో చెప్పింది రికార్డు చేసి, కింద ఇంగ్లిషులో రాసి, రోడెల్ ద్వారా పంపాను. ఆమె చెప్పింది ఇంతే. "అక్కా, నేను సుగుణ. మీ ఆయనను ఆగమని నేను అడగలే. ఆయన ఆగవట్టి మావోడు నా దగ్గరికొచ్చిండు. మీకు కోపముంటె అది న్యాయమే. మీ ఇల్లు గుర్తువెట్టుకుంట."

మర్నాడు, మేం గద్వాల చేరాక, డానిలో భార్య నుంచి జవాబు వచ్చింది. క్షమించానని లేదు, పరవాలేదని లేదు. "ఆమెకు పాలు తగ్గాయా? నాకు కూడా ఒకసారి బిడ్డ దక్కలేదు. అప్పుడు ఆ పాలే నన్ను ఎక్కువ ఏడిపించాయి. గట్టిగా గుడ్డ కట్టుకోమనండి. ఒంటరిగా ఉండొద్దనండి."

చదివి ఫోన్ వసంత ముందు పెట్టాను. రాజోలి నుంచి నాగర్‌కర్నూల్ దాకా అంత తిరిగాను, ఆ ఓడలో అంతమంది ఆ ఇంటి కోసం తలలు బద్దలు కొట్టుకున్నారు. ఒక్కరికీ ఈ ప్రశ్న తోచలేదు. వసంత ఫోన్ అందుకుని, లోపలికి పోయి సుగుణతో మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది.

సాయాలన్నీ ఓడలో మగవాళ్ళ మధ్య నడుస్తాయనుకునేవాణ్ణి. నిజానికి ఆ సాయం ఎవరింట్లోనో ఎదురుచూసే మనిషి వంతులోంచి తీసిస్తాం. ఆమెను అడగం.

తర్వాతి ఏడాది రోడెల్, నేను మళ్ళీ ఒకే ఓడలో కలిశాం. ఒకడి కోసం ఇంకొకణ్ణి ఆగమని అతను అడగబోతున్నప్పుడు, "వాడి భార్యను అడిగించావా?" అన్నాను. రోడెల్ విసుక్కున్నాడు. "ఆమెనెందుకు సార్? ఆమె ఓడలో లేదు కదా!"

లేదు కాబట్టే అడగమంటున్నాను అన్నాను.