బావగారి కొత్త రకం గులాబీ

చిలకలూరిపేటలో మా అక్క వాళ్ల ఇంటి ముందున్న గులాబీలన్నీ మా బావగారివి. పెరట్లో ఉన్న ఒక్క కుండీ అక్కది. బావగారు స్పిన్నింగు మిల్లులో మేనేజరుగా రిటైరయ్యారు. నూలు నాణ్యత పట్టిన కళ్లకు పువ్వు ఒక లెక్కా అన్నది ఆయన ధీమా.

ఆయన ఒకసారి పసుపు రేకులకు ఎర్రటి అంచున్న అంటు గులాబీ తెచ్చారు. వానాకాలం గడిచేసరికి అంటు కట్టిన చోటుకు కింద నుంచి ముళ్ల కొమ్మలు లేచి, పైమొక్కను చంపేసి, వెలిసిన చొక్కా రంగులో గుత్తులు గుత్తులుగా చిన్న పూలు పూశాయి. వాసన లేదు. ముట్టుకుంటే రేకులు రాలతాయి. నాకు ఫోన్ వచ్చింది.

"ఏమోయ్, వచ్చి చూడు. నా పోషణకి మొక్క రంగే మార్చేసింది."

వెళ్లి, మొక్క మొదలు దగ్గర అంటు ముడి చూపించాను. "ఇది రంగు మారడం కాదండీ బావగారూ. పైన కట్టింది చచ్చిపోయింది. ఇది అడుగున వాడే నాటు మొక్క."

"అది మామూలు వాళ్ల మొక్కల సంగతి. ఇది కొత్త రకం" అన్నారాయన.

ఫొటో వాకింగు మిత్రుల గ్రూపులో పెట్టారు. బంతికీ చామంతికీ తేడా తెలియని పెద్దమనుషులంతా చప్పట్ల బొమ్మలు పంపారు. అడిగిన ప్రతివాడికీ ప్రసాదంలా కొమ్మ తుంచి ఇచ్చారు. ఇప్పుడు ఆ వీధిలో ఏ గేటు తీసినా చొక్కా చిరుగుతుంది.

నేను అంటు ముడి చూపించిన రోజే అక్క నన్ను పెరట్లోకి తీసుకెళ్లింది. తన ఎర్ర గులాబీలో ఒక్క కొమ్మకు మాత్రం తెల్ల చారల పువ్వు పూసింది.

"ఈ రేకు చూడరా. సగం తెలుపు, సగం ఎరుపు. ఎవరో కొలిచి గీసినట్టు లేదూ?"

"అసలు రంగు మారడమంటే ఇదక్కా. ఎక్కడో గానీ జరగదు. ఈసారి వచ్చినప్పుడు ఈ కొమ్మతో వేరే మొక్కకి అంటు కడతాను" అన్నాను. ఆమె చాలాసేపు అక్కడే నిలబడింది.

మళ్లీ వెళ్లేసరికి ఆ కొమ్మ లేదు.

"మిరపకి వైరస్ తగిలినట్టు తగిలిందోయ్. నరికి కాల్చేశాను. లేకపోతే నా మొక్కలకి పాకేది" అన్నారు బావగారు.

"నన్నొక మాట అడగొచ్చుగా" అంది అక్క.

"తెగుల్ని అడిగి తీస్తారా ఎవరైనా?"

నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు. ముప్పయ్యేళ్లు మిల్లులో ఎదుటివాళ్ల నోరు మూయించిన చెయ్యి అది. తర్వాత ఆ మొక్క అంతా ఎర్రగానే పూసింది. వైద్యం ఫలించిందని ఆయన వచ్చినవాళ్లందరికీ చూపించారు.

అక్క కుండీని డాబా మీదికి చేర్పించి, మెట్ల తలుపుకు తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది. రోజూ పొద్దున్నే తనే ఎక్కి నీళ్లు పోసి వస్తుంది. చారల పువ్వు మళ్లీ పూయలేదు.

మొన్న బావగారు నాతో అన్నారు: "మీ అక్క ఈమధ్య డాబా మీద వాకింగు మొదలుపెట్టిందోయ్. నేనే చెప్పాను, మోకాళ్లకి మంచిదని."