ఉమ్మి గిన్నెలో పోసిన నీళ్లు

కాన్పయిన మూడో నాడు పక్క తడిసింది. మొదట మూలనున్న కడవను అనుమానించాను, తర్వాత ఇంటి కప్పును. అది వానాకాలం కూడా కాదు. నాలుగు రోజులు నొప్పులు పడ్డా బిడ్డ దక్కలేదు, ఆ ఏడుపులోనే ఉన్నాను. చివరికి తెలిసింది, కారుతున్నది నేనే. మూత్రం నా చేతిలో లేదు.

మాది పెద్దారవీడు దగ్గర పల్లె. పొలమూ పుట్రా, పరువూ ఉన్న ఇల్లు. నెల తిరక్కముందే చాకలామె నా బట్టలు ముట్టనంది. అత్త నా మంచం గొడ్ల కొట్టంలో వేయించింది.

"ఇంట్లో దేవుడున్నాడు. ఈ కంపుతో వంటింటి గడప తొక్కొద్దు," అన్నది.

మా ఆయనకు ఇంకో సంబంధం చూస్తున్నారని నాకు అనుమానం. అది నిజమేనని తర్వాత తెలిసింది. కారడం తగ్గుతుందని నీళ్లు తాగడం మానేశాను. గొంతెండి మంట ఎక్కువైందే గాని కారడం ఆగలేదు.

మా నాయన వచ్చి, బండి కట్టించి, మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కించి నన్ను మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. దొరసాని డాక్టరు పరీక్ష చేసింది.

"ఇది శాపం కాదు. బిడ్డ తల ఒత్తుకుని లోపల చిల్లి పడింది. ఫిస్టులా అంటాం. ఆపరేషన్ చేసి కుడతాను," అన్నది.

ఊరికే చేస్తామన్నారు. ఊరికే చేసేవాళ్లంటే నాకు మరీ భయం. మతంలో కలుపుకోవడానికేనని అనుకున్నాను.

ఆపరేషన్ తర్వాత కథీటర్ అని ఒక రబ్బరు గొట్టం పెట్టారు. "నీళ్లు బాగా తాగాలి. తగ్గితే గొట్టం మూసుకుపోతుంది, కుట్లు తెగుతాయి," అని డాక్టరు చెప్పింది. కారే రోగానికి నీళ్లు తాగమనడమేమిటని ఒక అనుమానం. ఆ నీళ్లు తెచ్చే నర్సు రూతమ్మ ఎవరో ఆరా తీశాక ఇంకొకటి. ఆమె కంభం వైపు మాలపల్లెలో పుట్టిందట. మా ఇంట్లో అట్లాంటి వాళ్ల దోసిట్లో పైనుంచి నీళ్లు పోయడమే గాని, వాళ్ల చేతి నీళ్లు తాగే వాడుక లేదు. ఒళ్లు చెడితే చెడింది, పరువైనా మిగలాలనుకున్నాను. రూతమ్మ అటు తిరగగానే గ్లాసు నీళ్లు మంచం కింద ఉమ్మి గిన్నెలో పోసేదాన్ని.

ఆరో రోజు గొట్టం మూసుకుపోయింది. కుట్లు తెగాయి, పక్క మళ్లీ తడిసింది.

"నీళ్లు తాగించడం కూడా చేతకాదా నీకు?" అని డాక్టరు వార్డంతా వినేలా రూతమ్మను తిట్టింది. ఆమె తల దించుకుని నిలబడింది. నేను కళ్లు మూసుకుని నిద్ర నటించాను. ఆ సిగ్గు నన్ను ఇంకా వదల్లేదు.

ఆ ఉమ్మి గిన్నె రోజూ కడిగేది రూతమ్మే. అంటే ఆమెకు తెలుసు. ఇక దీన్ని పట్టుకుని మతం మాట ఎత్తుతుందని కాచుకుని ఉన్నాను. రెండు రోజులైనా ఎత్తలేదు. నేనే ఉండబట్టలేక అడిగాను.

"నీకు తెలుసు గదా. డాక్టరమ్మకు ఎందుకు చెప్పలే?"

"చెప్తే నలుగురిలో నీ పరువు పోతాదమ్మా. గొట్టం మూసుకుపోయేదానికి రెండు రోజుల ముందే తెలిసినాది నాకు. ఇంకొకరి చేత నీళ్లు పంపిద్దామంటే ఇక్కడ నర్సులమంతా ఆ పల్లెల వాళ్లమే. అడిగితే నువ్వు సిగ్గుపడతావని ఊరుకున్నా. అది నా తప్పే, అందుకే తిట్లు తిన్నా."

"అందరి ముందర అట్ల ఎట్ల నిలబడినావు?"

"మా ప్రభువును బట్టలూడదీసి జనం ముందర నిలబెట్టినారు. దాని ముందర నా తిట్లు ఏపాటివి?"

ఇందులో కూడా ఏదో ఎత్తు ఉందేమోనని ఆమె మొహం పరీక్షగా చూశాను. ఏమీ దొరకలేదు. "గ్లాసు ఇట్ల ఇయ్యి," అన్నాను.

మూడు నెలలాగి రెండో ఆపరేషన్ చేశారు. గంటకో గ్లాసు, ఆమె చేతి నీళ్లే. పదిహేనో రోజు గొట్టం తీశారు. మర్నాడు పొద్దున పక్క తడుముకుంటే పొడిగా ఉంది. సంతోషం పట్టలేక బావురుమన్నాను.

ఇంటికొచ్చాక అత్త మూడు రోజులు నా పక్క తడిమి చూసి గాని వంటింట్లోకి రానివ్వలేదు. రెండో సంబంధం మాట ఆగిపోయింది.

పోయిన కోతలప్పుడు రూతమ్మ నన్ను చూసిపోదామని మా వాకిట్లోకి వచ్చింది. దాహమంది. "దోసిలి పట్టమను," అని అత్త లోపల్నుంచి కేకేసింది. మళ్లీ కొట్టంలోకి పోవలసి వస్తుందేమోనని భయమేసింది. అయినా నా చెంబు నింపి ఆమె చేతికే ఇచ్చాను.

"కూర్చుని తాగక్కా," అన్నాను.

అత్త ఆ చెంబును మళ్లీ ఇంట్లోకి రానివ్వలేదు. అది వాకిట్లోనే ఉంటుంది, నేను దాంతోనే తాగుతాను. నన్ను మాత్రం కొట్టంలోకి పొమ్మనలేదు.

నేను మతం మారలేదు. మనుషుల్ని తొందరగా నమ్మే గుణమూ రాలేదు. ఈ జబ్బున్న అక్కచెల్లెళ్లకు ఒక్క మాట చెబుతాను. డాక్టరు తాగమన్న నీళ్లు ఎవరిచ్చినా తాగండి. ఎవరి చేతివని ఆరా తీస్తూ కూర్చుంటే తెగేది మీ కుట్లే.