చివరి అధ్యాయం కుట్టేసే పాస్టరమ్మగారు

పాస్టరమ్మగారు పోయారని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను మిడిల్ పాయింట్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను.

"ఓలమ్మీ, పాస్టరమ్మగారు ప్రభువు దగ్గరికెల్లిపోయేరే. పొద్దున్న టీ తాగి కుర్చీలో కూకున్నారంట. బస్, అంతే," అంది అమ్మ.

నా సంచిలో ఆమె ఇచ్చిన నవల ఉంది. దాని చివరి అధ్యాయానికి వేసిన కుట్టు ఇంకా విప్పలేదు. మర్నాడు ఆదివారం. ఆరాధన అయ్యాక మిన్నీ బేలో ఆమె ఇంటికి వెళ్లి, ఆ కథలోని రహస్యం పట్టుకున్నానని చెప్పి, కుట్టు విప్పించుకోవాలని నా ఆశ. ముందురోజే ఫోన్లో ఆ మాట చెప్పాను. "రా మరి. కత్తెరకి సానెట్టిస్తాను," అన్నారు.

కుట్టంటే నిజంగా సూదీ దారంతో వేసిన కుట్టే. ఆమె మా తెలుగు సంఘానికి ఒకప్పుడు పాస్టరుగా ఉన్నాయన భార్య. ఆయన పోయాక చెల్లెలితో కలిసి ఉండేవారు. ఇంట్లో ఒక బీరువా నిండా తెలుగు నవలలు. అన్నీ హత్యలూ, మాయమైన మనుషులూ, లోపల గడియ పెట్టిన గదులూ. విశాఖపట్నం నుంచి మా దీవులకు ఓడెక్కే చుట్టాలెవరైనా సరే, పచ్చళ్ల జాడీలతో పాటు ఆమెకు ఒక పుస్తకాల కట్ట తేవలసిందే. ఆ పుస్తకాలు ముందు ఆమె చదివేవారు. తరవాత అవి సంఘంలోని ఇళ్లన్నీ తిరిగేవి. తిరిగే ముందు ప్రతి పుస్తకంలోనూ చివరి అధ్యాయాన్ని అంచుల వెంట తెల్లదారంతో కుట్టేసేవారు.

దానికి కారణం పాస్టరుగారు. ఆయనకు నవలలో ఆఖరి పేజీలు ముందు చదివే అలవాటట. ఒక ఆదివారం, పాపం దాగదని ప్రసంగిస్తూ, అప్పుడు సంఘంలో చేతులు మారుతున్న నవలలో హంతకుడెవరో ఉదాహరణగా చెప్పేశారు. ఆడవాళ్ల వైపు నుంచి "అయ్యయ్యో!" అని ఒక్కసారిగా కేక. ప్రసంగం గుండెలకు తగిలిందనుకుని ఆయన ఆ పేరు ఇంకోసారి గట్టిగా చెప్పారట. ఆ సాయంత్రమే పాస్టరమ్మగారు సూది తీశారు.

అప్పటినుంచి అదే పద్ధతి. పుస్తకం అక్కడిదాకా చదివి ఆమె ఇంటికి తీసుకెళ్లాలి. ఎవరు చేశారో, ఎందుకలా అనుకుంటున్నామో చెప్పాలి. "పేరు ఎవులైనా సెప్తారు. ఎందుకో సెప్పు," అనేవారు. కారణం బాగుంటే, ఊహ తప్పైనా సరే, కుట్టు కత్తిరించేవారు. బాగాలేకపోతే "మల్లీ సదువు" అని పుస్తకం మన చేతిలో పెట్టేసేవారు. విప్పిన అధ్యాయాన్ని ఆమె వరండాలోనే, పట్టపగలు, పైకి చదవాలి. "ఆకరికొచ్చేతలికి పక్కన మనిసుండాల," అనేవారు.

మొదటిసారే కుట్టు విప్పించుకోవడం నాకు ఎన్నడూ జరగలేదు. ప్రతిసారీ వెనక్కి పంపారు. ఈసారి మాత్రం పంపలేరని నాకు నమ్మకంగా ఉండేది.

నేను తెలుగు మాట్లాడతాను కానీ దాన్ని బడిలో చదువుకోలేదు. అక్షరాలు సండే స్కూల్లో బైబిలు వాక్యాలు బట్టీ పట్టిస్తే వచ్చాయి. ఒకసారి ఆరాధనలో వాక్యం కూడబలుక్కుంటూ చదివాను. అయ్యాక పాస్టరమ్మగారు బయట నా చెయ్యి పట్టుకుని ఆపారు. బాగా చదవలేదని తిడతారనుకున్నాను.

"నీకు అద్దమంటే బయమా?" అని అడిగారు.

"లేదండీ."

"మెట్లంటే?"

"మెట్లకేం భయమండీ!"

"మరి దేనికే బయం? సెప్పు, సిగ్గుపడకు."

ఆలోచించాను. "ఇంట్లో అందరం ఒకే గదిలో ఉన్నప్పుడు వంటింట్లో గిన్నె చప్పుడైతే..." అన్నాను.

ఆమె కళ్లు మెరిశాయి. "అచ్ఛా! నీ పుస్తకం ఉంది. రా."

ఆమె పుస్తకం ఎంచి ఇచ్చే తీరే అది. కథ ఒక్క ముక్క చెప్పేవారు కాదు. మనకు దేనికి భయమో అడిగి దానికి సరిపోయేది ఇచ్చేవారు. చావు జరిగిన ఇంటికి హత్య ఉన్న నవల పంపేవారు కాదు, దొంగతనాలతో సరిపెట్టేవారు. మా నాన్న దీవుల మధ్య తిరిగే ఓడలో పని చేస్తాడు. సముద్రంలో మాయమైన ఓడ కథ ఒకటి నేను ఎన్నిసార్లడిగినా ఇవ్వలేదు. "మీ నాన్న రిటైరయ్యేక అడుగు, ఇప్పుడు నహీ," అనేవారు.

‘నిర్మానుష్యం’ అనే మాట నేను మొదటిసారి చూసింది ఆమె ఇచ్చిన పుస్తకంలోనే. అర్థం అడిగితే కిటికీ వైపు చూపించారు. ఆటుకు నీళ్లు వెనక్కి పోయిన తీరం. బురదలో ఒక రబ్బరు చెప్పు. చుట్టుపక్కల ఎక్కడా అడుగుల జాడ లేదు. "వట్టి కాళీ అయితే బయమెందుకే? మనిసుండాల్సిన సోట మనిసి లేకపోతేనే ఆ మాట," అన్నారు. ఆ మాటను బస్సులో లోపల్లోపల అనుకుంటూ ఇంటికి వచ్చాను. అది తలచుకుంటే ఇప్పటికీ ఆ చెప్పు కనబడుతుంది.

ఇంకోసారి ఆమెకు ఒక అధ్యాయం చదివి వినిపిస్తున్నాను. కథలో ఒకడు తాళం తీసుకుని తన ఇంట్లోకి వెళుతున్నాడు. పాస్టరమ్మగారు చెయ్యెత్తి ఆపారు. "ఇప్పుడు ఏటి ఇనబడతం లేదు?" అన్నారు. నాకు అర్థం కాలేదు. చెవులు రిక్కించాను. ఇంటి వెనక కప్పలు అరుపు ఆపేశాయి. ఎప్పుడు ఆపాయో మాకు తెలియదు. వెనక తలుపు వైపు చూడాలనిపించింది, చూడలేకపోయాను. ‘గగుర్పాటు’ అంటే ఏమిటో ముందు నా చేతుల మీది వెంట్రుకలకు తెలిసింది. కాసేపటికి కప్పలు మళ్లీ మొదలుపెట్టాయి. ఆమె తృప్తిగా, "ఊఁ, ఇంక సదువు," అన్నారు.

మీలో ఎవరైనా ఇలాంటి నవలలు కాలక్షేపమని తీసిపారేస్తుంటే, వాటిని ఆమె చెప్పినట్టు చదివి చూడమంటాను. ఎక్కడ అరిచారో వదిలేసి, రోజూ ఉండే చప్పుడు ఎక్కడ లేకుండా పోయిందో అక్కడ ఆగండి. నాకు తెలుగు వచ్చింది అలా ఆగడం వల్లే.

ఇక నా సంచిలోని నవల. పేరు చెప్పను. చెబితే మీ కుట్టు నేను విప్పేసినట్టే అవుతుంది. ఒక ఎస్టేట్ బంగళాలో రాత్రి భోజనాల వేళకు బల్ల మీద ఒక కంచం ఎక్కువగా కనబడుతూ ఉంటుంది. ఎవరు పెడుతున్నారో తెలియదు. ఒకరినొకరు అనుమానించుకుంటారు. వాన బాగా కురిసిన రోజుల్లో మాత్రం ఆ కంచం ఉండదు. ఎందుకో నాకు ఎంతకీ తెలియలేదు. ఒక సాయంత్రం మా ఇంట్లో ఆ పేజీలే తిరగేస్తున్నాను. రేకుల మీద వాన మోగిపోతోంది. తలెత్తి చూస్తే అమ్మ ఎదురుగా నిలబడి ఉంది. "గొంతు పోయేలా పిలస్తన్నాను, ఇనబడదేటే?" అంది. ఆమె గదిలోకి రావడం, నడవడం, పిలవడం ఏదీ నాకు వినబడలేదు. అప్పుడు తట్టింది. ఆ బంగళాకూ రేకుల కప్పే. ఆ ఇంట్లో ఒక గుడ్డి అవ్వ ఉంది. తట్టగానే ఫోన్ తీసి పాస్టరమ్మగారికి చేశాను. ఆదివారం వస్తానన్నది అప్పుడే.

ఆ పుస్తకం సంఘంలో నాకంటే ముందు నర్సు ఆంటీ ఒక్కరే చదివారు. ఆవిడను కూడా పాస్టరమ్మగారు తిప్పి పంపితే, విసుగొచ్చి పుస్తకం తిరిగిచ్చేశారట. అంటే జవాబు తెలిసినది పాస్టరమ్మగారికే. నా కారణం వినవలసిన మనిషీ ఆమే. కుట్టు నేనే కోసుకోవచ్చు, ఎవరూ అడ్డుపడరు. కత్తెర ముందు పెట్టుకుని కూడా కోయలేకపోయాను.

సమాధి అయ్యాక పాస్టరమ్మగారి ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికకు ఆ పుస్తకం పట్టుకునే వెళ్లాను. పాటలు, ప్రార్థన అయ్యాయి. మగవాళ్లు టీలు తాగి వెళ్లారు. ఆడవాళ్లం వరండాలో మిగిలాం. పాస్టరమ్మగారి చెల్లెలు, మేమంతా చిన్నమ్మగారనే ఆవిడ, నా ఒళ్లో పుస్తకం చూశారు.

"కుట్టు అలాగే ఉందేటే?"

"ఆవిడకి చెప్పకుండా ఎలా విప్పనండీ?"

"మా అక్క ఆదివారం కోసం కాసుక్కూకుంది. పిల్ల పట్టేసినట్టుంది అంది. ఏటి పట్టేవో సెప్పు."

"నన్నయితే తిప్పి పంపేరు. ఈ పిల్లకేటి తెలస్తాది?" అన్నారు నర్సు ఆంటీ, ముక్కు తుడుచుకుంటూనే. ఏడ్చి ఉన్న ముఖాల మీద నవ్వు వచ్చింది.

నేను చెప్పాను. ఆ అవ్వకు కళ్లు లేవు. ఇంట్లో ఎంతమంది ఉన్నారో ఆమెకు అడుగుల చప్పుడును బట్టే తెలుస్తుంది. ఎందరి అడుగులు వినబడితే అన్ని కంచాలు పెడుతుంది. వాన పడితే రేకుల మోతలో ఏమీ వినబడదు, అందుకే ఆ రోజు ఇంట్లోవాళ్ల లెక్కకు పెట్టేస్తుంది.

"మరి ఎక్కువ కంచం ఎవులికే?" అంది అమ్మ. అడిగాక జవాబు తనకే తట్టి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

చిన్నమ్మగారు కత్తెర తెచ్చి కుట్టు కోశారు. "సదువు," అన్నారు.

చదివాను. ఒత్తుల దగ్గర తడబడ్డాను, ఎవరూ తొందర పెట్టలేదు. నా ఊహ నిజమే. "ఎక్కువ ఎక్కడుందయ్యా? నడిచేవాళ్లు ఎందరో అన్నే పెట్టాను," అంటుంది అవ్వ. ఆ మాట దగ్గర వరండాలో టీ గ్లాసు చప్పుడు కూడా లేదు. తల ఎత్తాను. నా కారణం బాగుందో లేదో చెప్పవలసిన ముఖం కోసం అందరి మధ్యా వెతికి, మళ్లీ పేజీలోకి చూశాను.

పగలుండగానే ముగించాలన్న ఆమె నియమం ఆ రోజు నిలవలేదు. మా దీవుల్లో చీకటి తొందరగా పడుతుంది. చదవడం అయ్యేసరికి సముద్రం నల్లబడింది. చిన్నమ్మగారు గేటు దాకా వచ్చి ఆగిపోయారు. బస్సు స్టాపు వరకు తీరం పక్కన సన్నని దారి, ఒకరి వెనక ఒకరు నడవాలి. నర్సు ఆంటీ ముందుండనన్నారు, వెనకా ఉండనన్నారు. "ఆస్పత్రిలో శవాల్ని సూసే మనిసివి, నీకేటి బయం?" అని అమ్మ ఎగతాళి చేస్తూనే తను కూడా నా చెయ్యి వదలలేదు. వెనకబడినవాళ్లు పరుగున వచ్చి మధ్యలో దూరుతున్నారు. కొంతసేపు నవ్వులు. తరవాత ఇసుక మీద చెప్పుల చప్పుడు మాత్రమే.

"వెనకాల ఎవులున్నారే?" అన్నారు నర్సు ఆంటీ, తల తిప్పకుండా.

ఎవరూ పలకలేదు.

"ఉన్నార్లే, నడండి," అంది అమ్మ.

మాలో ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. తొందరపడనూ లేదు. వయసైన మనిషి ఆయాసం లేకుండా అందుకోగలిగినంత నెమ్మదిగా, ఆ చీకట్లో వరసగా నడిచాం.